మొసలి మింగిన తాళం

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, డార్విన్ నుంచి పొద్దంతా కారు నడిపితే గాని చేరలేని ఒక నేషనల్ పార్కు. మొసళ్ళున్న ఏరు దాటాక వచ్చే క్యాంపు మైదానం. మిట్టమధ్యాహ్నం. పెర్త్ నుంచి వచ్చిన ఒక కుటుంబం, తండ్రీ కొడుకూ కోడలూ మనవరాలూ, తాళం వేసిన అద్దె కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. అందులో కోడలు కిరణ్మయికి మాత్రం, ఈ ప్రదక్షిణలు ఏ దేవుడికో ఇంకా తేలలేదు.

"జేబులు చూశావా?"

"చూశాను."

"వెనక జేబు?"

"కిరణ్, ఈ లాగుకున్నవి నాలుగు జేబులు. నాలుగూ తిరగేశాను. చెమట తప్ప ఏమీ లేదు. ఇదిగో చూడు, ఎండకి కుక్క నాలికల్లా ఎలా వేలాడుతున్నాయో."

"మరి తాళం ఏమైనట్టు చందూ? లాక్ చేసింది నువ్వే. కారు కుయ్యిమంది కూడాను."

"చేశాను. చేసి నీకిచ్చాను."

"నాకెప్పుడిచ్చావు?"

"ఇవ్వలేదా?"

"లేదు."

"ఇచ్చినట్టు గుర్తే నాకు."

"నువ్వు నాకిచ్చినట్టు గుర్తున్నవన్నీ నిజంగా ఇచ్చి ఉంటే, అవి పెట్టుకోవడానికి పెర్త్‌లో మన హారిస్‌డేల్లోనే ఇంకో ఇల్లు కావలసి వచ్చేది. తాళం నా చేతికి రాలేదు."

"అబ్బాయ్, ఓ మాటు కారు కింద చూడరా."

"చూశాను నాన్నా."

"చక్రాల సందున?"

"అక్కడా చూశాను."

"మా మేనమామ ఒకాయన ఇలాగే ధాన్యం కొట్టు తాళం పోగొట్టుకుని..."

"నాన్నా, ఇప్పుడు మేనమామ వద్దు."

"సరేలే. పిలిచినా ఆయన ఇప్పుడు రాలేడు."

"నవ్వులాట కాదండీ మావయ్యగారూ. నీళ్ళు లోపలే. టెంట్లు లోపలే. దోమల మందు లోపలే. ఉతకాల్సిన బట్టల మూట లోపలే, ఇక్కడ వాషింగ్ మెషీన్ ఉందని రెండు డాలర్ల బిళ్ళ కూడా దాచి ఉంచాం. పొద్దున్నే లేచి ఈగలు తోలుకుంటూ చేసిన పులిహోర లోపలే. అద్దంలోంచి కనబడుతోంది కూడా. డబ్బా మూత మీద చెమట పట్టింది."

"కిరణ్, పులిహోర గురించి కాదు ఇప్పుడు."

"పులిహోర గురించే. తాళం పోయిందని నీ బాధ. ఆకలేస్తోందని మా బాధ."

"నాన్నా, జస్ట్ బ్రేక్ ద విండో."

"అప్పూ, నువ్వూరుకో. అద్దె కారు అది. అద్దం పగిలితే ఈ ఎర్రమట్టి రోడ్ల మీద డార్విన్ చేరేసరికి నలుగురం ఇటుకలమవుతాం."

"నాకో తీగముక్క ఇవ్వరా. తలుపు సందులోంచి పోనిచ్చి..."

"నాన్నా, ఆ పని తాతల నాటి కార్లకి. దీనికి కంప్యూటరుంటుంది."

"కంప్యూటరుంటే మరీ మంచిది. నువ్వు చేసేది ఆ ఉద్యోగమేగా. తెరుచుకోమని చెప్పు."

"మావయ్యగారూ, మీరు కాసేపు ఆ నీడన కూర్చోండి. చందూ, మొదట్నించీ ఓసారి చెప్పుకుందాం. ఏరు దాటాం."

"దాటాం."

"రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. నువ్వు స్టీరింగు పట్టుకున్న తీరు చూసి, ఊడబెరికి ఇంటికి తీసుకెళ్తావేమో అనుకున్నాను."

"భయం కాదది. జాగ్రత్త."

"జాగ్రత్తకి పెదాలు తెల్లబడవులే. తరవాత?"

"తరవాత ఇక్కడ ఆపాను. అందరూ దిగారు. లాక్ చేశాను. మొసళ్ళు చూడాలని అప్పూ గోల పెడితే మెట్లెక్కి ఆ చెక్క వేదిక మీదకి వెళ్ళాం. చూశాం. దిగాం. కారు దగ్గరకొచ్చేసరికి తాళం లేదు. అంతే."

"అందరూ ఒక్కసారే దిగలేదు. నేనూ అప్పూ ముందు దిగాం. మీరిద్దరూ వెనకాల వచ్చారు."

"నాన్న నాకంటే ముందే దిగారు. ఏం నాన్నా?"

"ఆయ్, ముందే. కాదు, వెనకాలే. మెట్ల దగ్గర ముందూ వెనకా ఏవుంటుందిలే."

"వేదిక మీద సరిగ్గా వెతికావా?"

"మోకాళ్ళ మీద వెతికాను. చెక్కల సందుల్లోంచి చూస్తే కింద ఏరే. ఏటి ఒడ్డున ఓ మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. దాన్నడగలేదు, అదొక్కటే తక్కువ."

"ఫోన్‌కి సిగ్నల్ లేదు. సరే, పక్కన ఆ కారవాన్ బండిలో దిగిన ఆంటీ దగ్గరకెళ్ళి అడుగుతాను. వాళ్ళ దగ్గర ఏదో పెద్ద ఫోన్ ఉన్నట్టుంది. నేనొచ్చేలోపు మీరిద్దరూ కొట్టుకోకండి."

కిరణ్మయి పక్కనున్న కారవాన్ దాకా వెళ్ళి, నీళ్ళ సీసాలతో తిరిగొచ్చింది.

"ఏమన్నారు?"

"ఆంటీ దగ్గర శాటిలైట్ ఫోనుంది. పాపం, కారు వాళ్ళకి ఆవిడే ఫోన్ చేసి మాట్లాడింది. ఇంకో తాళం డార్విన్‌లో ఉందట. రేపు మధ్యాహ్నానికి మనిషికిచ్చి పంపిస్తారట. అందాకా కూర్చోమన్నారు. పడుకోవడానికి ఆంటీ ఒక టెంటు ఇస్తానంది. మేం మాంసం తినమని చెబితే టమాటా సాండ్‌విచ్‌లు చేస్తానంది."

"రేపు మధ్యాహ్నమా?"

"నో వరీస్ లవ్, అంది. దేశం దేశమే వరీ వద్దంటుంటే మనమొక్కళ్ళమే ఎంతని పడతాం చెప్పు."

"సరే. విను. రేపు తాళం వస్తుంది. రాగానే డార్విన్. అక్కణ్ణించి ఏ ఫ్లైటు దొరికితే ఆ ఫ్లైటుకి పెర్త్. ట్రిప్ అయిపోయింది."

"వాట్? నాన్నా, మరి వాటర్‌ఫాల్?"

"లేదు."

"బట్ యూ ప్రామిస్డ్. ఎల్లుండి వాటర్‌ఫాల్ కింద నేనూ తాతయ్యా స్విమ్ చేస్తామని. అక్కడ క్రొకడైల్స్ కూడా లేవు. రేంజర్స్ చెక్ చేశాకే ఓపెన్ చేస్తారు."

"ఇంకోసారి వద్దాం."

"ఇంకోసారి తాతయ్య ఉండరు. హీ ఈజ్ గోయింగ్ బ్యాక్ టు ఇండియా నెక్స్ట్ మంత్. నేను స్విమ్మింగ్ నేర్చుకుందే దీనికోసం. తాతయ్యే నేర్పారు."

"ఆ మాట నిజంరా అబ్బాయ్. మన ఇంటి దగ్గరి కానింగ్ వేల్ ఈత కొలనులో నేర్పాను. నేను కాలవ ఈత ఈదుతుంటే అక్కడి కాపలా కుర్రాడు మునిగిపోతున్నాననుకుని రెండుసార్లు దూకాడు. మన ఈత అంతే. చూసేవాడికి మునిగినట్టే ఉంటుంది, ఈదేవాడు తేలుతూనే ఉంటాడు. రెండోసారి వాణ్ణే నేను ఒడ్డుకి చేర్చాను."

"నాన్నా, ప్లీజ్. నిన్న నేనేమన్నాను? ఇంకొక్క తిక్క పని జరిగితే యాత్ర ఆపేస్తానన్నానా లేదా?"

"తిక్క పనేంట్రా? పుట్టకి పాలు పోశాను."

"మనిషికి రెండింతల ఎత్తు పుట్ట. చుట్టూ కంచె. లోపలికి రావద్దని బోర్డు. మీరు కంచె దాటి..."

"నేను దాటలేదు. ఇవతలే నిలబడి చెయ్యి చాపాను. పాలు దాటాయి."

"తాతయ్యా, దాంట్లో ఉండేవి టెర్మైట్స్. నో స్నేక్స్."

"అది కాదురా అప్పూ. ఇల్లు కట్టేది చెదలు, కాపరం పాముది. ఏ దేశంలోనైనా అంతే. అద్దెలు ఇంత మండిపోతున్న దేశంలో అంత భవంతిని ఎవరైనా ఖాళీగా ఉంచుతారా?"

"ఉన్న ఒక్క పాల డబ్బా పోశారు మావయ్యగారూ. పొద్దున్న నల్ల కాఫీ తాగాం."

"పాము సంతోషించింది కదమ్మా. మనం పాలు లేకపోయినా బతకగలం. పాముకి కోపం వస్తే బతకలేం."

"ఇదీ వరస. బస్సులోళ్ళు దిగి ఫొటోలు తీశారు. పుట్టకి కాదు, మనకి. ఆ రేంజరమ్మాయి వచ్చి నన్ను అడిగింది, మీ నాన్నగారికి ఎండ తగిలిందా అని. నేనేం చెప్పాలి?"

"తగిలిందని చెప్పాల్సింది. సానుభూతి చూపించి చల్లటి నీళ్ళిచ్చేది."

"చందూ, అది నిన్నటి గొడవ. తాళం పోవడం తిక్క పనెలా అవుతుంది? ఎలా పోయిందో తేలనే లేదు."

"తేలుస్తాను. అప్పూ, ఇలా రా."

"వై మీ?"

"పొద్దున్న పెట్రోలు బంకు దగ్గర తాళంతో ఆడిందెవరు?"

"దట్ వాజ్ మార్నింగ్. తిరిగి ఇచ్చేశాను."

"దానికున్న కంగారూ బొమ్మ పీకుతున్నావు."

"ఇట్ వాజ్ లూజ్."

"వేదిక మీద నా జేబులో చెయ్యి పెట్టావా? టిష్యూ కోసం?"

"నో."

"గుర్తు తెచ్చుకుని చెప్పు."

"ఐ డిడ్‌న్ట్ టచ్ ఇట్, నాన్నా."

"నిజం చెబితే నేనేమీ అనను."

"చందూ, దాని మీద అరవకు."

"నేను అరవట్లేదు."

"అవును పాపం. నీ మామూలు గొంతుకే ఆ చెట్టు మీద కాకాటూ చిలకలన్నీ లేచిపోయాయి."

"అడుగుతున్నాను. అడగడం కూడా తప్పేనా? ఎవరో ఒకరు తీయకుండా తాళం నడుచుకుంటూ వెళ్ళదు కదా. అప్పూ, ఏడవకు. ముందు చెప్పు, తరవాత ఏడువు."

"నేనే పారేశాను."

"మీరా?"

"నేనేరా. పిల్లదాన్నొదిలెయ్. నేనే ఏట్లో పారేశాను."

"మీ దగ్గరికి తాళం ఎలా వచ్చింది నాన్నా?"

"నీ జేబులోంచి బయటికి వేలాడుతోంది. పడిపోతుందేమోనని తీసి నా దగ్గరుంచాను. చిల్లరలో వేశాను. ఇంతలో ఏరు కనపడింది. గోదారి దాటే చెయ్యిరా ఇది, ఊరుకోదు. గుప్పిట్లోకి వచ్చింది వచ్చినట్టు విసిరాను. బిళ్ళలతో పాటు తాళమూ పోయింది."

"ఏట్లో చిల్లర వెయ్యొద్దని కారు దిగేటప్పుడే చెప్పాను."

"చెప్పావు."

"చిల్లర పర్సు కారులో పెట్టి రమ్మన్నాను."

"అన్నావు."

"అయినా పెట్టలేదు."

"నీ మాట నేనెప్పుడు విన్నాను గనక."

"మరి పడినప్పుడే చెప్పొచ్చుగా. ఎండలో ఇంతసేపు వెతికాం. మోకాళ్ళు గీసుకుపోయాయి నాకు."

"చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా ఓ చేప ఎగిరింది. మన పులస అనుకునేవు, దీని ముందు పులస చీమ. తాళం నీళ్ళకి తగలకుండానే నోటితో అందుకుంది. దాని వెనకాలే మొసలి. చేపని గుటుక్కున మింగింది. ఇక ఎవరికని చెప్పను?"

"నాన్నా."

"కంగారు పడకు. బ్యాటరీ బాగానే ఉంది. ఇందాక మొసలి ఆవులించినప్పుడు మన కారు దీపాలు రెండూ వెలిగాయి. నేను చూశాను."

"రియల్లీ తాతయ్యా?"

"ఒట్టు మాత్రం వెయ్యనమ్మా, మిగతాదంతా నిజం. దానికి గాని ఇప్పుడు వెక్కిళ్ళొచ్చాయనుకో, డిక్కీ కూడా తెరుచుకుంటుంది. అప్పుడు మీ అమ్మ పరిగెత్తుకెళ్ళి పులిహోర తీసేసుకోవచ్చు. అందుకే నేను ఈ చోటు వదలట్లేదు. ఆ, కన్నీళ్ళు తుడుచుకో. ఉప్పు వాసనకి దానికి దాహం వేస్తుంది."

"నవ్వకు అప్పూ. ఇది నవ్వే విషయం కాదు. నాన్నా, మీకు ప్రతిదీ కథే కదా? ఈ క్యాంపులు బుక్ చేయడానికి నేనెన్ని రాత్రులు కూర్చున్నానో తెలుసా? ఆఫీసులో ఎంత బతిమాలితే సెలవిచ్చారో తెలుసా? ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏ ఏరు దాటొచ్చు, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, అన్నీ చూసుకుని, ఏ పొరపాటూ జరగకుండా మిమ్మల్ని తీసుకొస్తే, పుట్ట కనపడితే పాలు. ఏరు కనపడితే చిల్లర. జలపాతం కనపడితే చీరా రవికెలగుడ్డా పెడతారు."

"జలపాతానికి చీర ఆనదురా. పొడుగు చాలదు."

"పొద్దుట్నించీ చెబుతూనే ఉన్నాను. ఏట్లో బిళ్ళ వేస్తే ఏమొస్తుంది? ఏరు మీకు రసీదేమైనా ఇస్తుందా? ఎక్కడి గోదావరి, ఎక్కడి ఈ ఏరు? దీనికి మన దండాలు తెలుసా? చదువూ సంధ్యా ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?"

"చందూ, ఇక చాలు."

"చాలదు. ఇది నిర్ణయమైపోయింది. రేపు డార్విన్. వాటర్‌ఫాల్ లేదు."

"అబ్బాయ్, తప్పు నాది. నన్ను డార్విన్‌లో విమానం ఎక్కించెయ్. పెర్త్‌లో దిగి ఎలాగో ఇల్లు చేరతాను. పిల్లని మాత్రం జలపాతానికి తీసుకెళ్ళు."

"నో. తాతయ్య లేకుండా నేను వెళ్ళను."

"మీకు హారిస్‌డేల్లో ఇంటి నుంచి లైబ్రరీకి దారి తెలీదు. విమానం దిగి ఇంటికెలా వెళ్తారు?"

"నోరుంది కదరా. మా ఊళ్ళో గుడ్డి ఎద్దొకటి సంతకెళ్ళి, బేరం కూడా ఆడుకుని..."

"నాన్నా, ఎద్దు వద్దు. కిరణ్, ఏంటది, అద్దానికి ముక్కానించి ఏం చూస్తున్నావు?"

"పులిహోర."

"చూస్తే వస్తుందా?"

"రాదు. ఆగు, ఇలా రా. డబ్బా పక్కన, మావయ్యగారు కూర్చునే సీటు మీద, ఎర్రగా ఏదో ఉంది. మావయ్యగారూ, మీ చిల్లర పర్సు ఏ రంగు?"

"పర్సుకి రంగేంటమ్మా. పాతబడితే అన్నీ ఒకటే రంగు."

"ఎర్రది. జిప్పుది. అత్తయ్యగారి పర్సు. ఆవిడ పోయాక మీరు దాన్ని వదలగా నేను చూడలేదు."

"అలాంటివి బజార్లో బోలెడు దొరుకుతాయి."

"జిప్పుకి పిన్నీసు ఉంది."

"పిన్నీసులూ బోలెడే."

"చందూ, చూడు. పర్సు కారులో ఉంది. మావయ్యగారు నీ మాట విన్నారు."

"అయితే? నాలుగు బిళ్ళలు తీసి జేబులో వేసుకుని ఉంటారు."

"ఏ జేబులో? పంచెకి జేబుండదు. ఈ చొక్కా జేబు చిరిగిందని, కుట్టిపెట్టమని పొద్దున్నే నన్నడిగారు. సూదీ దారం కూడా కారులోనే ఉన్నాయి. మావయ్యగారూ, ఇలా తిరగండి. అప్పూ, తాతయ్య జేబులో వేలు పెట్టు."

"నా వేలు బయటికి వచ్చేసింది అమ్మా."

"చిల్లు పడ్డ జేబులో తాళం వేసుకున్నారా మావయ్యగారూ?"

"అదే మరి. ఆ చిల్లులోంచే పడిందేమో."

"ఇందాక విసిరానన్నారు."

"విసరబోతుంటే పడింది."

"మరి గుప్పిట్లోకి వచ్చిన బిళ్ళలు?"

"అవి... వాటి సంగతి మొసలికి తెలియాలి."

"మావయ్యగారూ, మీ దగ్గర తాళమూ లేదు, బిళ్ళలూ లేవు. మీరేమీ వెయ్యలేదు."

"పోనీలేమ్మా. నా మీద పెట్టుకున్నాను కదా, అలా ఉండనిద్దూ. ఇన్నేళ్ళలో నేనాడిన అబద్ధాల పక్కన ఇదొకటి బరువా."

"అసలు తాళం ఏట్లో పడిందని మీకెలా తెలుసు?"

"విన్నాను. బుడుంగుమంది. ఆ ఒక్కటీ నిజం."

"ఎవరి చేతిలోంచి?"

"ఎండ బాగా ఉందమ్మా. ఆ సాండ్‌విచ్‌లు ఎప్పుడిస్తానందావిడ?"

"మాట మార్చకండి. చందూ."

"ఏంటి?"

"అంతా విన్నావుగా. ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను? నాన్న వెయ్యకపోతే ఎక్కడో జారిపోయి ఉంటుంది. అంతే. ఇక వదిలెయ్."

"ఇందాకటిదాకా తేలుస్తానన్నావు. ఇప్పుడు వదిలెయ్యమంటున్నావు."

"అలిసిపోయాను కిరణ్."

"సరే. వాషింగ్ మెషీన్ బిళ్ళ ఇటివ్వు."

"ఏ బిళ్ళ?"

"రెండు డాలర్లది. నిన్న దారిలో టిఫిన్‌కి ఆగిన రోడ్‌హౌస్‌లో నీకిచ్చాను. జాగ్రత్తగా ఉంచమన్నాను."

"ఉంచాను."

"ఏది?"

"ఉంటుంది ఎక్కడో. కారులో ఉందేమో."

"పొద్దున్న బయల్దేరేటప్పుడు అడిగితే జేబు తట్టి చూపించావు. తాళానికి తగిలి గలగలమంది. అదే జేబు. ఇందాక నాలుగు జేబులూ తిరగేసి, చెమట తప్ప ఏమీ లేదన్నావు."

"కిరణ్..."

"చెమటలో డాలర్లు కరగవు చందూ. బిళ్ళేది?"

"అబ్బాయ్, నీళ్ళు తాగుతావా?"

"వద్దు నాన్నా."

"అమ్మా, వాడికి కాస్త నీళ్ళియ్యి. మొహం చూడు, ఎలా అయిపోయిందో."

"నేనడుగుతున్నాను. బిళ్ళేది?"

"ఏరు దాటుతున్నప్పుడు చక్రాలు జారాయి కిరణ్."

"ఎప్పుడు?"

"మధ్యలో. ఒక్క క్షణం. బండి పక్కకి జరిగింది. మీకెవరికీ తెలియలేదు. నువ్వు ఫొటోలు తీస్తున్నావు. నాన్న కథ చెబుతున్నారు. అప్పూ నవ్వుతోంది. నా చేతిలో స్టీరింగు ఉట్టిదే అయిపోయింది. మళ్ళీ పట్టు దొరికింది, దాటేశాం. పైకెక్కి చూస్తే కింద, మనం దాటిన ఆ నీళ్ళలోనే, మొసళ్ళు."

"చెప్పనే లేదు."

"ఏమని చెప్పను? మీరందరూ దిగుతున్నారు. నేనక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు రైలు గోదావరి వంతెన మీదకి ఎక్కగానే అమ్మ నా గుప్పిట్లో బిళ్ళ పెట్టేది. కళ్ళు మూసుకుని వెయ్యమనేది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. కళ్ళు మూసుకుని, ఏం దొరికితే అది... బిళ్ళొక్కటే అనుకున్నాను. నిజం. నువ్వు బిళ్ళేదని అడిగేదాకా తట్టనే లేదు."

"గోదారి దాటే చెయ్యి. ఊరుకోలేదన్నమాట."

"నాన్నా, మీరు చూశారు కదూ?"

"నీ వెనకాల రెండు మెట్లు కింద ఉన్నాను."

"మరి పిలవొచ్చుగా."

"ఎలా పిలవనురా? దండం పెట్టుకునేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. రెండు చప్పుళ్ళయ్యాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండోది చేప అనుకున్నాను. కారు దగ్గరికొచ్చి నువ్వు జేబులు తిరగేశాక తెలిసింది, చేప కాదని."

"ఇంతసేపూ నేను మిమ్మల్ని తిడుతూనే ఉన్నాను."

"తిడుతూనే ఉన్నావు. మంచి ఊపులో ఉన్నావు, మధ్యలో ఆపడం నాకిష్టం లేకపోయింది."

"నవ్వించకండి నాన్నా. చెప్పాల్సింది."

"పొద్దుట్నించీ కూతురి ఎదురుగా ఏరు రసీదిస్తుందా అని నన్ను నిలదీస్తున్నావు. ఆ నోటితో ఉండగా, బిళ్ళ వేసింది నువ్వేరా అని దాని ముందు ఎలా అనను? పిల్లల దగ్గర తండ్రికి కాస్త పరువుండాలి. నాదంటావా, ఎప్పుడో మొసళ్ళు తినేశాయి."

"వెయిట్. సో నాన్నే వేశారా?"

"అవును అప్పూ. నేనే. నిన్ను ఊరికే ఏడిపించాను. సారీ అమ్మా."

"దెన్ ట్రిప్ క్యాన్సిల్ కాదు, రైట్? ఆ రూల్ తాతయ్య తిక్క పనులకే కదా. నాన్న తిక్క పనికి రూల్ లేదు."

"దీన్ని లా చదివిద్దాంరా అబ్బాయ్."

"అందరూ వినండి. రేపు తాళం వస్తుంది. రాగానే నా చేతికిస్తారు. కారు నేను నడుపుతాను. ఎల్లుండి జలపాతం. ఏరు దాటేటప్పుడు చందూ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మావయ్యగారు పాలకి ఆమడ దూరంలో ఉంటారు. ఎవరికైనా అభ్యంతరమా?"

"లేదు."

"నాకొక్కటుందమ్మా. జలపాతం దగ్గర ఒక్క కొబ్బరికాయ..."

"మావయ్యగారూ."

"సరే, లేదు."

"నాన్నా, వాట్ డిడ్ యూ విష్ ఫర్?"

"ఏంటి?"

"బిళ్ళ వేసినప్పుడు. కళ్ళు మూసుకున్నావు కదా. ఏదో అడిగి ఉంటావు."

"ఏమీ లేదులే."

"చెప్పరా. బిళ్ళతో పాటు తాళం కూడా సమర్పించుకున్నావు. అది నీ కోరిక తీర్చకపోతే ఏరే కాదు."

"వద్దు నాన్నా. నవ్వుతారు."

"నవ్వం. చెప్పు చందూ."

"ఈ ట్రిప్ అయ్యేదాకా నేను ఎవరి మీదా అరవకుండా చూడమని అడిగాను."